రెలిష్‌కు మూడో సాక్ష్యం

మాటలకు అర్థాలు రాసిపెట్టే ఉద్యోగం ఒకటి ఉంటుందని మా అమ్మ చాలా ఏళ్ళు నమ్మలేదు. "అందరి నోళ్ళలో ఉన్న మాటలే కదే, వాటిని మళ్ళీ పుస్తకంలో వెతుక్కునేదెవరు?" అనేది. ఇంగ్లండులోని మా బర్స్లెమ్ ఊళ్ళో ఎవరిని కదిపినా కప్పులు, సాసర్లు, పళ్ళేలు చేసేవాళ్ళే. అమ్మ కెజియా బ్లూర్ కూడా పాతికేళ్ళుగా కప్పుల అంచుల మీది బంగారు పూతకి రాయితో మెరుగు పెడుతోంది. నేను ఒక్కదాన్నే స్కాలర్‌షిప్పు పుణ్యమా అని చదువుకుని, యూనివర్సిటీ ఊళ్ళో ఓ పెద్ద నిఘంటువు ఆఫీసులో సహాయకురాలిగా చేరాను. పేరుకి సహాయకురాలిని. చేసేది పొద్దస్తమానం చీటీలు సర్దడం.

ఆ చీటీల సంగతి చెప్పాలి. దేశంలో నలుమూలలా ఉన్న చదువరులు పుస్తకాల్లోంచి, పత్రికల్లోంచి ఒక్కో వాక్యం చీటీ మీద ఎక్కించి, ఏ సంవత్సరానిదో, ఎన్నో పేజీలోదో కింద రాసి మాకు పంపుతారు. మేం వాటిని మాటల వారీగా గూళ్ళలో పెడతాం. ఒక మాటకి ఫలానా అర్థం ఉందని అచ్చు వెయ్యాలంటే మూడు సాక్ష్యాలు చూపించాలి. మూడూ వేర్వేరు సంవత్సరాలవి కావాలి. అచ్చయినవైనా సరే, ఎవరి చేతిరాతలోనైనా సరే. నోటిమాట మాత్రం చెల్లదు. దొరగారి ఇంటి వంటపుస్తకంలో ఉన్న మాటకి విలువ ఉంటుంది, ఆ వంట చేసిన మనిషి నోట్లో ఉన్న మాటకి ఉండదు. ఈ పద్ధతి మీద నాకు మొదటినుంచీ ఒళ్ళు మంటే, కానీ జీతం తీసుకుంటున్నాను కాబట్టి నోరు మూసుకున్నాను.

1926 చలికాలంలో 'రెలిష్' అనే మాట చీటీల కట్ట నా బల్ల మీదకి వచ్చింది. దాని పుట్టుక గురించి మా సంపాదకుడు లోరిమర్ గారు స్వయంగా రాశారు. అది పాత ఫ్రెంచి మాట. మొదట్లో దాని అర్థం 'వదిలి వెళ్ళినది, మిగిలి ఉన్నది' అని. తిన్నాక నాలుక మీద కాసేపు నిలిచి ఉండే రుచిని జనం ఆ పేరుతో పిలిచారు. తర్వాత అసలు రుచికే ఆ పేరు వచ్చింది, ఆ తర్వాత రుచి చూడటంలో కలిగే సంతోషానికి, చివరికి దేన్నైనా మనసారా ఆస్వాదించడానికి. ఇదంతా ఆయన ఎంతో ఇష్టంగా నాకు వివరించారు. వివరిస్తూ పాలలో నానబెట్టిన బిస్కెట్టు తింటున్నారు, పాపం కడుపులో పుండు ఉండి మరేదీ పడదు. రుచి గురించి ఆయనంత అందంగా చెప్పేవాళ్ళని నేను చూడలేదు, ఆయనంత చప్పటి తిండి తినేవాళ్ళనీ చూడలేదు.

కట్టంతా రెండుసార్లు తిరగేశాను. మా ఇంటి అర్థం అందులో లేదు.

మా ఇంట్లో రెలిష్ అంటే సంతోషం కాదు, వస్తువు. రొట్టెతో నంజుకోవడానికి పెట్టేది. ఉడికించిన గుడ్డో, పొగబెట్టిన చేపలో సగమో, పంది తలమాంసం ముక్కో. అది పనికి వెళ్ళే మగవాడి పళ్ళెంలో మాత్రమే పడేది. ఆడవాళ్ళకీ పిల్లలకీ రొట్టె, దాని మీద పులిమిన కొవ్వు. మా వీధిలో ఎవరూ దీన్ని అన్యాయం అనుకోలేదు. బరువు మోసేవాడు తినాలి, అంతే. మగడికి రెలిష్ లేకుండా పనికి పంపిందంటే ఆ ఇల్లాలి గురించి వీధి చివరిదాకా చెప్పుకునేవాళ్ళు.

ఈ అర్థం కూడా వెయ్యాలని లోరిమర్ గారితో అన్నాను. ఆయన కాదనలేదు. "ఎక్కడ రాసి ఉంది, మిస్ బ్లూర్?" అన్నారు. మా వీధిలో అందరూ అంటారని చెప్పాను. "మీ వీధి చాలా మంచిది, నేను నమ్ముతాను. కానీ నా నమ్మకాన్ని అచ్చు వెయ్యలేను కదా," అన్నారు. ఆ పేజీలు అచ్చుకి వెళ్ళడానికి మూడు వారాలు గడువుంది. ఈలోగా మూడు చీటీలు తెస్తే సరే అన్నారు.

నేను పంతం పట్టాను. ఇంగ్లీషు మాటలన్నీ ఉంటాయని చెప్పుకునే ఆ పుస్తకంలో మా అమ్మ రోజూ అనే మాట లేకపోతే, మా అమ్మనే మనుషుల్లో లెక్కవెయ్యనట్టు అనిపించింది. ఒక చీటీ తొందరగానే దొరికింది, సముద్రపు ఒడ్డున అద్దెగదులు ఇచ్చే ఆవిడ వేయించిన ప్రకటన. రెండోది ఒక మద్యనిషేధ సంఘం వాళ్ళ నివేదిక. మూడోది ఎంత వెతికినా దొరకలేదు. అప్పుడు తట్టింది. మా ఊళ్ళో ఎవరైనా ప్రమాదంలో పోతే, చావుకి కారణం తేల్చే అధికారి కరోనర్ విచారణ జరిపేవాడు, పోయినవాడి భార్య ఆఖరుసారి ఏం తిన్నాడో చెప్పేది, మర్నాడు పత్రికవాళ్ళు ఆ మాటలు ఉన్నదున్నట్టు వేసేవాళ్ళు. ఆడవాళ్ళ నోటిమాట అచ్చులోకి ఎక్కే దారి మా ఊళ్ళో అదొక్కటే.

శనివారం రైలెక్కి మా ఊరి గ్రంథాలయానికి వెళ్ళాను. 1908 నాటి పత్రికల సంపుటం అడిగాను. మా నాన్న ఈనక్ బ్లూర్ పోయిన సంవత్సరం అది. నాన్న కోసం వెళ్ళలేదు, మాట కోసమే వెళ్ళాను. కనీసం ఆ రోజు అలాగే అనుకున్నాను. నాన్న పని, కప్పులు పేర్చిన బరువైన మట్టిపెట్టెల్ని తల మీద పెట్టుకుని, బట్టీలోపల నిచ్చెన ఎక్కి ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టడం. ఒక పొద్దున నిచ్చెన పైమెట్టు మీంచి పెట్టెతో సహా పడిపోయాడు. అప్పటికి నాకు ఏడేళ్ళు.

మార్చి నెలలో, నాలుగో పేజీలో, ఆరు అంగుళాల వార్త దొరికింది. "మృతుని భార్య కెజియా ప్రమాణం చేసి చెప్పినది: ఆ పొద్దున ఆయన రొట్టెతో రెలిష్ తిన్నాడు. గుడ్డు. ఏమీ మిగల్చలేదు. బలంగానే ఉండి వెళ్ళాడు." చదవగానే ఏడుపు రావాలి. నాకు వచ్చింది సంతోషం. ఇంతకంటే చక్కటి సాక్ష్యం ఉండదు. మాటా ఉంది, అర్థమూ ఉంది, తారీకూ ఉంది, పైగా మా అమ్మ గొంతు ఉంది. చీటీ రాసుకుని, దాదాపు పరుగెత్తుకుంటూ ఇంటికి వెళ్ళాను.

అమ్మ కెటిల్ పొయ్యి మీద పెట్టి నిలబడి ఉంది. కూర్చోమన్నాను. "అమ్మా, నువ్వు నిఘంటువులో పడుతున్నావు," అని చీటీ పైకి చదివాను. రాజులు, బిషప్పులు, కవులు ఉన్న పేజీలోనే ఆవిడా ఉంటుందని చెప్పాను. ఆవిడ మొహం చూడకుండా చెబుతూ పోయాను. చాలాసేపటికి కెటిల్ మరుగుతోందని, ఆవిడ లేవలేదని గమనించాను.

"అది చింపెయ్యి," అంది అమ్మ.

ఎందుకన్నాను.

"అబద్ధం గనక. బైబిలు మీద చెయ్యిపెట్టి చెప్పిన అబద్ధం."

అప్పుడు చెప్పింది, పద్దెనిమిదేళ్ళు లోపల పెట్టుకున్న సంగతి. ఆ వారమంతా నాకు ఒళ్ళంతా ఎర్రగా దద్దురు లేచే జ్వరం. అమ్మా నాన్నా వంతులేసుకుని నా పక్కన కూర్చున్నారు. నాన్న సరిగా నిద్రపోలేదు, సరిగా తినలేదు. ఆ పొద్దున నాకు జ్వరం తగ్గి, మొట్టమొదటిసారి ఆకలన్నానట. ఇంట్లో ఒకే ఒక గుడ్డు ఉంది. నాన్న రెలిష్ అది. అమ్మ దాన్ని ఆయన పళ్ళెంలోంచి తీసి నాకు తినిపించింది. నాన్న మొహం కడుక్కుని వచ్చి కూర్చుని, పళ్ళెంలోకి చూశాడు, నా వైపు చూశాడు, ఏమీ అనలేదు. ఉత్తి రొట్టె నమిలి, టోపీ పెట్టుకుని వెళ్ళాడు. రెండు గంటలు తిరక్కుండానే కబురొచ్చింది.

విచారణ ఒక పబ్బు మేడ మీద జరిగింది. వెనక బల్లల మీద మా వీధి ఆడవాళ్ళంతా ఉన్నారు. మనిషి ఖాళీ కడుపుతో పనికొచ్చి కళ్ళు తిరిగి పడ్డాడా అని జ్యూరీలో ఒకాయన అడిగాడు. ఆడవాళ్ళందరూ అమ్మ వైపే చూశారు.

"ఏం చెప్పమంటావే? ఆయన పళ్ళెం ఖాళీగా ఉందని అంతమందిలో చెప్పనా? నోరు దానంతట అదే అనేసింది. గుడ్డని కూడా అంది చూడు, వివరంగా." అమ్మ చీటీ వైపు చూడలేదు. "ఆ రోజు నుంచి ఛాపెల్లో ప్రార్థనకి మోకరిల్లినప్పుడల్లా ఆ గుడ్డే గుర్తొస్తుంది."

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్పుకోవాలి. ఏ కూతురైనా తల్లిని దగ్గరకి తీసుకుంటుంది. నేను మా ఆఫీసు పద్ధతి వివరించాను. వాక్యం నిజమా అబద్ధమా అన్నది మాకు అక్కర్లేదమ్మా, ఆ మాటని ఆ అర్థంలో ఫలానా రోజున వాడారా లేదా అన్నదే చూస్తాం, అబద్ధం చెప్పినా మాట నిజమే కదా అన్నాను. ఎన్ని పుస్తకాలు తిరగేస్తే ఒంటబడుతుందో ఇంతటి మూర్ఖత్వం.

"నిజమో అబద్ధమో చూడని పుస్తకం, అదేం పుస్తకమే?" అంది అమ్మ.

అమ్మ లేచి టీ పోసింది. కప్పు నా ముందు పెట్టి, ఆవిడ నా ఎదురుగా కూర్చుని, ఎప్పుడూ లేనంత మెల్లిగా అడిగింది.

"ఎలా ఉందే అది? నిన్ను అడగాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నా. రుచిగా ఉందా?"

నేను ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. జ్వరం గుర్తుంది, కిటికీకి కట్టిన దుప్పటి గుర్తుంది, నాన్న బూట్ల చప్పుడు కూడా గుర్తుంది. గుడ్డు లేదు. నాలుక మీద నిలిచి ఉండే రుచే ఆ మాటకి మొదటి అర్థమని నా చేత్తో నేను శుద్ధప్రతి రాశాను, నా నాలుక మీద మాత్రం ఏమీ నిలవలేదు. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. "గుర్తులేదమ్మా," అన్నాను. అమ్మ తల ఊపింది. సాక్ష్యమంటే అచ్చులో ఉన్నదే కావాలా అని అడిగింది. చిరాగ్గా ఉన్నాను, చేతిరాతైనా చాలని ఏదో అనేసి, సాయంత్రం బండికి వెళ్ళిపోయాను.

సోమవారం లోరిమర్ గారికి మూడోది దొరకలేదని చెప్పాను. చీటీ నా కోటు జేబులోనే ఉంది. ఆయన నిజంగానే బాధపడ్డారు. "అయితే దాన్ని వదిలెయ్యక తప్పదు," అని ఆ అర్థానికి పెన్సిలుతో అడ్డగీత గీశారు. ఆ రెండు చీటీలూ తీసి పనికిరాని వాటి పెట్టెలో వేశాను. పని అయిపోయిందనుకున్నాను.

గురువారం ఆయన నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేశారు. చేతిలో గీతల కాగితం ఉంది. "ఇది నాకు వచ్చింది. కానీ ముందు మీరు చదవాలి," అని ఇచ్చి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. అమ్మ రాత నాకు తెలుసు. ఆవిడ ఏడాదికి ఒక్కసారి, క్రిస్మస్‌కి, నాలుగు ముక్కలు రాస్తుంది, అదీ గోడలు ఎక్కుతున్నట్టు ఉంటుంది. ఈ ఉత్తరంలో ఒక్క కొట్టివేత లేదు. ఎన్ని కాగితాలు చింపి ఇది రాసిందో.

"అయ్యా, మా అమ్మాయికి రెలిష్ అన్న మాటకి సాక్ష్యం కావాలట. పద్దెనిమిదేళ్ళ కిందట నేను ప్రమాణం చేసి, నా భర్త ఈనక్ రెలిష్ తిని పనికెళ్ళాడని చెప్పాను. ఆయన తినలేదు. ఆ రెలిష్ జ్వరం నుంచి లేస్తున్న మా పిల్లకి పెట్టాను, ఆయన ఉత్తి రొట్టె తిని పనికెళ్ళి తిరిగి రాలేదు. ఇది నిజం. మీరు అచ్చు వేసుకోవచ్చు. కెజియా బ్లూర్."

ఆయన తిరిగి చూసి, నాకు కుర్చీ జరిపారు. నేను ఏడ్చినందుకు ఏమీ అనలేదు, సముదాయించనూ లేదు. అందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవం.

మర్నాడు ఆ అర్థం మళ్ళీ ప్రతిలోకి ఎక్కింది. ఏ వాక్యాన్నీ మేం పూర్తిగా వెయ్యం, కోసి వేస్తాం. లోరిమర్ గారు ప్రమాణం సంగతి, నాన్న పేరు, అమ్మ పేరు కొట్టేశారు. "ఆ రెలిష్ జ్వరం నుంచి లేస్తున్న మా పిల్లకి పెట్టాను, ఆయన ఉత్తి రొట్టె తిని పనికెళ్ళి" అన్నంతవరకు ఉంచారు. అది చూసి, మొదటి సగం చాలదా సార్ అన్నాను. ఒక లైను కలిసొస్తుందని కూడా అన్నాను.

"రెండో సగమే అసలు సాక్ష్యం, మిస్ బ్లూర్. రెలిష్ లేకపోతే రొట్టె ఉత్తిదైపోతుందని అందులోనే తెలుస్తోంది. పైగా మీ అమ్మగారు వేసుకోమన్నారు."

"తెలుసు సార్," అన్నాను.

అచ్చుప్రతిలో ఒక్క కామాని జరపమన్నా ఒప్పుకోని మనిషి ఆయన. నా మొహంలోకి చూసి, పెన్సిలు నా చేతికే ఇచ్చారు. నేను రెండో సగం కొట్టేశాను. పేరు లేకపోయినా మా వీధిలో ఎవరైనా చదివితే పోల్చుకుంటారని, అమ్మని కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. మా వీధిలో ఆ పుస్తకం ఎవరు తెరుస్తారు? నేను తిన్నాననీ, ఆయన తినకుండా వెళ్ళి చనిపోయాడనీ పక్కపక్కనే అచ్చులో ఉంటే నేను చూడలేను. అందుకే కొట్టేశాను.

తర్వాతి ఏడు వసంతకాలంలో ఆ మాట ఉన్న నిఘంటువు సంచిక అచ్చయి వచ్చింది. తీసుకుని ఇంటికి వెళ్ళాను. అమ్మ చేతులు కడుక్కుని, ఏప్రన్‌కి తుడుచుకుని, కళ్ళద్దాలు పెట్టుకుంది. పేజీ తెరిచి, మూడో నిలువు వరుసలో, కింద, చోటు చూపించాను. వేలు అక్షరాల కింద పెట్టి, ఛాపెల్లో వాక్యం చదివినట్టు పైకి చదివింది. "1926, ఉత్తరం. ఆ రెలిష్ జ్వరం నుంచి లేస్తున్న మా పిల్లకి పెట్టాను." అక్కడితో ఆగింది. వేలు తరువాతి లైను మీదకి జరిపింది. అది వేరే మాట. పేజీ తిప్పి అవతల కూడా చూసింది.

"తక్కినదేదీ?"

"స్థలం చాలలేదమ్మా. అందరివీ అలాగే కోస్తారు," అన్నాను. ఇంత సులువుగా వస్తుందని అనుకోలేదు. నోరు దానంతట అదే అనేసింది.

అమ్మ కళ్ళద్దాలు తీసి, మడిచి, పుస్తకం మీద పెట్టింది. నా మీద కోపం లేదు, అలిగినట్టూ లేదు. వీధిలోకి చూస్తూ కూర్చుంది. షిఫ్టు వదిలారు, మగవాళ్ళు ఇళ్ళకి వెళుతున్నారు.

"మళ్ళీ ఆయనకే లేకుండా చేశారన్నమాట," అంది.

కొట్టేసింది నేనేనని చెప్పలేదు.